మూడో రంధ్రం

నా పేరు వెరోనికా హ్రూబీ. తెలిసినవాళ్ళు రోనీ అంటారు. తండ్రి స్టీవెన్ హ్రూబీ, కీర్తిశేషులు. వయసు ఇరవై ఏడు. ఒహాయో రాష్ట్రం, మార్లో కౌంటీ, హ్యాడ్లీ ఊళ్ళో మా బాబాయి లియొనార్డ్ హ్రూబీ ఇంట్లో ఉంటున్నాను. సిస్టర్ల బడిలో చదువుకున్నాను. వారంలో మూడు రోజులు ఊరి గ్రంథాలయంలో ఉద్యోగం. మిగతా రోజులు బాబాయి దగ్గర సహాయకురాలిగా పని చేస్తాను. ఈ వాంగ్మూలం 2015 జూన్ 19, శుక్రవారం మధ్యాహ్నం షెరిఫ్ కార్యాలయంలో డిటెక్టివ్ రూత్ ఒకాసియో గారి ముందు ఇస్తున్నాను. ఇవ్వమని నన్నెవరూ బలవంతపెట్టలేదు. ఇవ్వొద్దని చెప్పినవారు ఉన్నారు. ఆ సంగతి దాని వరసలో చెబుతాను.

మా బాబాయి పాత మజిల్ కార్లు అసలువో నకిలీవో తేల్చి ధ్రువపత్రం ఇస్తారు. ఇవి సుమారు యాభై ఏళ్ళనాటి బండ్లు. రెండు తలుపులు, పెద్ద ఇంజను. మామూలు బండిలో పెద్ద ఇంజను కూర్చోబెట్టి అసలుదని అమ్మేవాళ్ళు చాలామంది ఉన్నారు. అందుకని కొనేవాళ్ళు ముందు బాబాయి సంతకం చూస్తారు. నా చేతులు చిన్నవి. ఆయన చెయ్యి దూరని చోట అద్దమూ లైటూ పెట్టి చూసి చెప్పడం నా పని. నాలుగేళ్ళుగా చేస్తున్నాను.

ఈ పనిలో అందరి నోటా ఒకే మాట వినిపిస్తుంది. కరెక్ట్. ఫ్యాక్టరీలోంచి ఎలా వచ్చిందో అలా ఉంటే అది కరెక్ట్. అప్పట్లో రంగు కారి గడ్డకట్టి ఉంటే, బాగుచేసేవాడు ఇప్పుడు కూడా అక్కడ రంగు కారనివ్వాలి. తనిఖీవాడు పసుపు సుద్దతో హడావుడిగా గీసిన గీతను ఇప్పుడు తీరిగ్గా కూర్చుని హడావుడిగా కనబడేలా గీయాలి. శుభ్రంగా గీస్తే పాత కార్ల పోటీలో మార్కులు పోతాయి. పెద్దపెద్దవాళ్ళు పాత తివాచీ ముక్క పరుచుకుని వెల్లకిలా పడుకుని ఆ వంకర గీతను చూసి మురిసిపోతారు. ఇంకో ఆచారం కూడా ఉంది. ఎందుకుందో తెలియని రంధ్రాన్ని పూడ్చకూడదు. ఫ్యాక్టరీ వేసిందేమో ఎవరికి తెలుసు. ఈ కేసుకు ఆ ఆచారమే మూలం కాబట్టి చెబుతున్నాను.

జూన్ 18, గురువారం ఉదయం నేనూ బాబాయీ కౌంటీ సంత మైదానానికి వెళ్ళాం. శనివారం అక్కడ పాత కార్ల వేలం ఉంది. బండ్లను గొర్రెల షెడ్లలో పెట్టారు. కడిగినా గొర్రెల వాసన పోలేదు. మేం చూడాల్సిన బండి మూడో షెడ్డులో ఉంది. 1970 మోడల్ కెస్ట్రెల్, ముదురు ఆకుపచ్చ, ఆటోమేటిక్ గేరు. ఆ ఇంజనుతో ఆ రంగులో వచ్చిన బండ్లు చాలా తక్కువని అంటారు. దాని యజమాని క్లేటన్ రస్క్. వయసు నలభై దాటి ఉంటుంది. పాత బండ్లు బాగుచేసి అమ్ముతాడు. ఎప్పుడూ నోట్లో పిప్పరమెంటు ఉంటుంది. మేం వెళ్ళేసరికి అతను బండి కింద పడుకుని, టీ డికాషన్‌లో దుమ్ము కలిపిన సీసా పక్కన పెట్టుకుని, బొమ్మలు వేసే కుంచెతో ఇరుసుకు మట్టి పూస్తున్నాడు.

"అయోవా మట్టి, రోనీ. ఈ బండి మొదట అమ్ముడైంది అయోవాలో. మట్టి కూడా అక్కడినుంచే తెప్పించాను," అన్నాడు.

నేను పని మొదలుపెట్టాను. బండి నంబరు మూడు చోట్ల ఉంటుంది. ముందు అద్దం కింద, రేడియేటర్ పట్టీ మీద, డిక్కీ అంచు లోపల. మూడు చోట్లా నంబరు ఒకటే. అంకెలు అసలువే. కానీ డిక్కీ అంచు లోపల, నంబరు చుట్టూ అరచేయంత ముక్క వేరే రేకు. అతుకును అరగదీసి రంగు వేశారు. కంటికి ఆనదు, వేలికి తెలుస్తుంది. రేడియేటర్ పట్టీ దగ్గరా అంతే. ముందు అద్దం కిందా అంతే. అంటే తుప్పుపట్టి పోయిన ఒక బండి నుంచి నంబర్లున్న ముక్కలు కోసి, ఇంకో మంచి బండికి అతికించారు. ఆ మంచి బండి సొంత నంబర్లు కోసి పారేశారు. ఒకరి ముఖం ఒలిచి ఇంకొకరికి కుట్టినట్టు అనిపించింది. నేను చెయ్యి బయటికి తీసి గుడ్డతో తుడుచుకున్నాను. మళ్ళీ తుడుచుకున్నాను.

"బాబాయ్, డిక్కీ లోపల అతుకుంది," అన్నాను.

"నలభై అయిదేళ్ళ బండికి అతుకు లేకపోతేనే అనుమానించాలి."

"నంబరు చుట్టూరా ఉంది."

"నంబరు అసలుదేనా?"

"అసలుదే."

"మరింకేమిటి తల్లీ. మనల్ని అడిగింది నంబరు గురించి. రేకు సంగతి మనకెందుకు?"

ఆయన తడి కాగితంతో ఒక్కో వేలూ శుభ్రంగా తుడుచుకుంటూ ఈ మాట అన్నారు.

తర్వాత క్లేటన్ మమ్మల్ని స్టీరింగు కిందికి చూడమన్నాడు. డ్యాష్‌బోర్డు కింది అంచున, స్టీరింగుకు ఎడమవైపు, మూడు రంధ్రాలున్నాయి. రెండు ఒక వరసలో ఉన్నాయి. మూడోది కొంచెం కిందికి జారింది. దాని పక్కన డ్రిల్లు గీసుకుపోయిన గాటు ఉంది. బ్రేకు పెడల్ కాడకు కూడా ఒక రంధ్రం ఉంది. బండి ముందు వేలంవాళ్ళు ఒక బోర్డు పెట్టారు. ఇంతవరకు ఎవరికీ తెలియని ఫ్యాక్టరీ రంధ్రాలని అందులో రాశారు. వేలం పుస్తకంలో వాటి ఫొటో ఒక పేజీ నిండా వేశారు.

"సైన్యం కోసం రేడియో బిగించి చూసి ఉంటారు," అన్నారు బాబాయి.

"ఆ మూడోది చూడండి సార్. సోమవారం పొద్దున్నే మత్తు దిగనివాడెవడో వేశాడు. దాని అందమే అది. అంచుల చుట్టూ రంగు కూడా అప్పట్లో లాగే పలచగా వేశాను," అన్నాడు క్లేటన్.

ఆ పూట ఎంతోమంది వచ్చి తివాచీ ముక్క మీద పడుకుని ఆ రంధ్రాలకు ఫొటోలు తీసుకున్నారు. ఒకాయన వాటిని చూసి లేస్తూ టోపీ తీశాడు.

మధ్యాహ్నం వేలంవాళ్ళు ఉచితంగా బార్బెక్యూ పెట్టారు. అందరూ అటు వెళ్ళారు. షెడ్డులో నేను, బాబాయి, క్లేటన్ మిగిలాం. అప్పుడు మిస్ ఆర్డిత్ ప్రూయిట్ వచ్చారు. నాకు ఆవిడ గ్రంథాలయంలో తెలుసు. పెద్ద అక్షరాల డిటెక్టివ్ నవలలు తీసుకెళ్తారు. ఎప్పుడూ ఆలస్యం చెయ్యలేదు. వయసు డెబ్భై ఆరు. చంకలో తలగడ గలీబు ఉంది, అందులో ఏదో బరువైన వస్తువు ఉంది. ఆవిడ షెడ్డుకు అడ్డంగా కట్టిన తాడు ఎత్తి లోపలికి వచ్చేశారు.

"మెల్లగా బామ్మగారూ, ఆ మూట తగిలితే రంగు లేచిపోతుంది," అన్నాడు క్లేటన్.

"నాకు పిల్లల్లేరు. బామ్మనెప్పుడయ్యాను? మిస్ ప్రూయిట్ అను. నువ్వు రస్క్ వాళ్ళ క్లేటన్‌వి కదూ. ఎనిమిదేళ్ళు నా స్కూలు బస్సులో తిరిగావు. పేడ బూట్లతో ఎక్కేవాడివి. నీ సీటు కింద చూయింగ్ గమ్ నేనే గోకేదాన్ని."

క్లేటన్ నవ్వాడు. "ఏం కావాలి మిస్ ప్రూయిట్?"

"జుట్టు సెట్ చేయించుకునే చోట మీ వేలం పుస్తకం చూశాను. ఆ రంధ్రాలు మా తమ్ముడు వెండెల్ వేసినవి."

"మీ వెండెల్ ఫ్యాక్టరీలో చేశాడా?"

"వాడు వియత్నాంలో చేశాడు. కుడికాలు మోకాలి కింద అక్కడే వదిలేసి వచ్చాడు. వచ్చాక సైన్యం జీతంతో ఈ బండి కొన్నాడు. కాలు లేదుగా, చేత్తో బ్రేకు వెయ్యడానికి మీట ఒకటి చేసుకున్నాడు. ఫిబ్రవరిలో, చలికి వేళ్ళు వంగనప్పుడు, మా షెడ్డులో ఆ రంధ్రాలు వేశాడు. నేను లైటు పట్టుకున్నాను. మూడోది వేస్తుంటే డ్రిల్లు జారింది. నా చెయ్యి వణకడం వల్లేనని తిట్టాడు. లైటు వణికితే డ్రిల్లెందుకు జారుతుందో నాకిప్పటికీ తెలీదు."

నేను ఆవిడను కూర్చోమన్నాను. కూర్చోలేదు. మిగతాది నిలబడే చెప్పారు. 1986 అక్టోబరులో వెండెల్ ఆ మీట పిడి అరిగిపోయిందని విప్పి, బాగుచేద్దామని వంటింటి బల్ల మీద పెట్టుకున్నాడు. ఆ వారంలోనే షెడ్డులోంచి బండి దొంగలు ఎత్తుకుపోయారు. అప్పుడే షెరిఫ్ దగ్గర ఫిర్యాదు ఇచ్చారు. దొంగతనానికి బీమా లేదు. వెండెల్ ఆ తర్వాత అయిదేళ్ళు బతికాడు. మళ్ళీ బండి కొనలేదు. ఊళ్ళోకి వెళ్ళాలంటే అక్క నడిపే స్కూలు బస్సులో, డ్రైవరు వెనక సీట్లో, పిల్లల మధ్య కూర్చునేవాడు.

"వాడు నీకూ తెలుసు క్లేటన్. 'ముందు సీటు ఆయన' అని మీరందరూ వెక్కిరించేవాళ్ళు కదా, మీ తర్వాత పిల్లలు కూడా వెక్కిరించారు," అన్నారు.

ఆవిడ గలీబులోంచి మీట తీశారు. ఇంట్లో చేసిన వస్తువు. ఇనప కడ్డీ, దానికి ఒక పట్టీ, పట్టీకి మూడు రంధ్రాలు. మూడోదాన్ని ఆకురాయితో కిందికి అరగదీశారు. గుండ్రంగా లేదు, కోడిగుడ్డులా ఉంది. బోల్టులు కూడా చిన్న మూటలో ఉన్నాయి.

"పెట్టి చూడు రోనీ. మిస్ ప్రూయిట్‌కి తృప్తిగా ఉంటుంది," అన్నాడు క్లేటన్. అతను అప్పటికింకా నవ్వుతూనే ఉన్నాడు.

నేను తివాచీ ముక్క మీద పడుకుని తల లోపలికి పెట్టాను. మొదటి బోల్టు ఎక్కింది. రెండోది ఎక్కింది. మూడోదానికి పట్టీలో అరగదీసిన చోటు సరిగ్గా జారిన రంధ్రం మీదికి వచ్చింది. పానా వాడలేదు. వేళ్ళతో తిప్పాను. ఎక్కింది. మీట కింది కొసను పెడల్ కాడకున్న రంధ్రానికి తగిలించాను. అక్కడ కూడా కలిసింది. పిడి పట్టుకుని నొక్కాను. కొంచెం కదిలి పట్టేసింది.

"ఎడమకి కాస్త తిప్పి నొక్కాలమ్మా," అన్నారు మిస్ ప్రూయిట్ బయటినుంచి. ఆవిడకు నా చెయ్యి కనబడదు. బండి వెనక నిలబడి ఉన్నారు.

ఎడమకి తిప్పి నొక్కాను. పెడల్ చప్పుడు లేకుండా కిందికి దిగింది.

"వెలిగింది," అన్నారావిడ. బ్రేకు లైట్లు వెలిగాయని.

నేను బయటికి వచ్చేసరికి క్లేటన్ నవ్వడం లేదు. బాబాయి ఒకసారి వంగి చూశారు. మీటను, మూడు బోల్టులను, పెడల్‌ను చూశారు. చెప్పాల్సింది స్పష్టంగా చెప్తున్నాను. ఆయన చూశారు.

"తీసెయ్ దాన్ని," అన్నాడు క్లేటన్.

"ఇలాంటి మీటలు ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి. ఏ బండికైనా పడతాయి," అన్నారు బాబాయి.

"ఇది ఇంట్లో చేసింది బాబాయ్. ఆ మూడోది చూడండి."

"చూశాను. ఏమీ లేదక్కడ."

మిస్ ప్రూయిట్ మీటను మళ్ళీ గలీబులో చుట్టుకున్నారు. రేపు షెరిఫ్ దగ్గరికి వెళ్తానన్నారు.

"తొందరెందుకు మిస్ ప్రూయిట్. శనివారం అయిపోనివ్వండి. తర్వాత తీరిగ్గా కూర్చుని మాట్లాడుకుందాం. మీకు అన్యాయం చేస్తానా?" అన్నాడు క్లేటన్. అతని గొంతు అంత తియ్యగా మారడం నేనెప్పుడూ వినలేదు.

"శనివారం అమ్ముడైతే సోమవారం విదేశానికి ఓడ ఎక్కుతుందని మీ పుస్తకంలోనే ఉంది. సముద్రం దాటాక నీతో ఏం మాట్లాడను?" అని ఆవిడ వెళ్ళిపోయారు.

ఈ రోజు శుక్రవారం. ఉదయం ఏడున్నరకు నేను మళ్ళీ షెడ్డుకు వెళ్ళాను. బయట అగ్నిమాపక దళంవాళ్ళు విరాళాల కోసం పాన్‌కేకులు వేస్తున్నారు. లోపల కాలిన రంగు వాసన. నేను ఎవరినీ అడగకుండా పడుకుని అద్దం పెట్టాను. మూడు రంధ్రాలూ లేవు. వెల్డింగ్‌తో పూడ్చి, అరగదీసి, రంగు వేశారు. వేలు పెడితే ఆ చోటు చుట్టుపక్కల కంటే నున్నగా ఉంది. పెడల్ కాడ మార్చేశారు. కొత్తదానికి రంధ్రం లేదు. బండి ముందున్న బోర్డు కూడా లేదు.

క్లేటన్ నా పక్కనే చతికిలబడి కూర్చున్నాడు. నా తల ఇంకా లోపలే ఉంది. అతను చెయ్యి చాపి, కుంచెతో ఆ కొత్త రంగు మీద టీ నీళ్ళ మట్టి అద్దుతున్నాడు. నా ముఖం మీద రెండు చుక్కలు పడ్డాయి.

"నిన్న ఫ్యాక్టరీ రంధ్రాలన్నారు కదా," అన్నాను.

"మళ్ళీ ఆలోచించాం. తర్వాతెవరో వేసినవి. పూడిస్తేనే కరెక్ట్. పెడల్ కాడ చూశావా, తేదీ ముద్ర కూడా బండి తయారైన నెలదే. రాత్రికి రాత్రి అలాంటిది దొరకడం మాటలు కాదు."

అతను గర్వంగా చెప్పాడు. నన్ను మెచ్చుకోమన్నట్టు చూశాడు. పిప్పరమెంటు వాసన, కాలిన రంగు వాసన, గొర్రెల వాసన కలిసిపోయాయి.

బాబాయి బండి వెనక మడత కుర్చీలో కూర్చుని పాన్‌కేకులు తింటున్నారు. కుడిచేతి రెండు వేళ్ళకు కట్టు ఉంది. ఏమైందని అడిగాను. కాఫీ ఒలికిందన్నారు. వెల్డింగ్ చేసేటప్పుడు వెనకనున్న వైర్లు అంటుకోకుండా ఒకరు తడిగుడ్డ పట్టుకోవాలి. ఆ సంగతి నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకు తెలుసు.

"అక్కడ రంధ్రాలుండేవి బాబాయ్."

"ఉండేవి. ఫొటోలున్నాయి. ఎవరు కాదన్నారు? ఆ ముసలావిడ మీట సరిపోలేదు, అంతే. నేనూ క్లేటనూ చూశాం."

"నేను బోల్టులు ఎక్కించాను."

"నువ్వు లైబ్రరీలో పుస్తకాలు సర్దే పిల్లవి. వెళ్ళి ఏమని చెప్తావు? మా బాబాయి ఇరవయ్యేళ్ళుగా అబద్ధం సంతకాలు పెడుతున్నాడని చెప్తావా?"

"ఇరవయ్యేళ్ళ సంగతి నన్నెవరూ అడగలేదు."

"అడుగుతారు. ఒక్కదాని మీద అనుమానం వస్తే అన్నీ తవ్వుతారు. ఇల్లు గడిచేది ఆ సంతకం మీద. మీ నాన్న పోయాక నువ్వు తిన్నది కూడా దాని మీదే. వెళ్ళకు రోనీ. వెళ్తే మళ్ళీ ఇంటికి రావక్కర్లేదు." ఇంత చెప్పి సిరప్ ఇంకొంచెం పోసుకున్నారు.

ఇవ్వొద్దని చెప్పింది ఆయనే. ఆయన గొంతు పెంచలేదు. కొట్టలేదు. ఎప్పుడూ కొట్టలేదు. నన్ను బాగానే చూసుకున్నారు. అది కూడా రాయమని అడుగుతున్నాను.

నేను బయటికి వెళ్ళి గొర్రెలకు నీళ్ళు పోసే తొట్టి దగ్గర వాంతి చేసుకున్నాను. పొద్దుట నేనేమీ తినలేదు. ఇది వాంగ్మూలంలో అక్కర్లేదని డిటెక్టివ్ గారు అన్నారు. ఉండనివ్వమన్నాను.

అక్కడినుంచి నేరుగా ఇక్కడికి వచ్చాను. మిస్ ప్రూయిట్ అప్పటికే వరండాలో బెంచీ మీద ఉన్నారు. మీట ఒడిలో ఉంది. 1986 ఫిర్యాదు దొరికింది కానీ, అందులో ఉన్న నంబరు ఇప్పుడు బండి మీద ఉన్న నంబరు కాదని, ఉత్త మాట మీద వేలం ఆపలేమని ఆవిడకు చెప్పారట. నేను పక్కన కూర్చుని రంధ్రాలు పూడ్చేశారని చెప్పాను.

"గాటు కూడానా?" అని అడిగారావిడ.

"గాటు కూడా," అన్నాను.

ఆవిడ తల ఊపి, మీట మీద గలీబును సర్దారు.

డిటెక్టివ్ గారు నన్ను మూడు ప్రశ్నలు అడిగారు. ఆ మీట వేరే బండికి కూడా అలాగే సరిపోయే వీలుందా అన్నారు. రెండు బోల్టులు సరిపోవచ్చు. డ్రిల్లు జారిన చోటికి ఆకురాయితో అరగదీసిన పట్టీ ఇంకో బండికి సరిపోదు అన్నాను. నంబర్ల చుట్టూ ఉన్న అతుకులు చూపించగలవా అన్నారు. చూపిస్తాను, మూడింటిలో ఏదైనా కళ్ళు మూసుకుని వేలితో చూపిస్తాను అన్నాను. కోర్టులో మీ బాబాయి ఎదురుగా కూర్చుంటే ఈ మాటే చెబుతావా అన్నారు. చెబుతాను అన్నాను. నా గొంతు వినపడలేదట. మళ్ళీ చెప్పమన్నారు. మళ్ళీ చెప్పాను.

నేను చెప్పింది టైపు చేసి నాకు చదివి వినిపించారు. రెండో పేజీలో "మీట సరిపోయినట్టు అనిపించింది" అని ఉంది. నేను ఆ మాట అనలేదు. బహుశా నేను మెల్లగా మాట్లాడడం వల్ల అలా పడి ఉంటుంది. కొట్టేయమని అడిగాను. కొట్టేసి, పైన "మీట సరిపోయింది" అని రాశారు. ఆ చోట మార్జిన్‌లో నా పొడి సంతకం పెట్టాను. మిగతాదంతా నేను చెప్పినట్టే ఉంది. ఇందులో నేను చూడనిది లేదు, చూసినది దాచింది లేదు.

(సంతకం) వెరోనికా హ్రూబీ
దిద్దుబాటు దగ్గర పొడి సంతకం: వె.హ్రూ.

నా సమక్షంలో చదివి వినిపించి సంతకం తీసుకోవడమైనది.
రూత్ ఒకాసియో, డిటెక్టివ్
మార్లో కౌంటీ షెరిఫ్ కార్యాలయం